కుట్టేసిన ఆకులు

"ఇరవై రెండు కాగితాలు, ఒకటే జవాబు! ఏంటండీ ఇది, వీరాస్వామి గారూ?"

స్కూళ్ల ఇన్‌స్పెక్టరు త్రినాథరాజు గారు జవాబు కాగితాల కట్టను బల్లమీద దభీమని పడేశారు. ఆయన తలపాగా పెద్దది. అందులో పాగా వేసిన అనుమానం ఇంకా పెద్దది. గోదావరి మీద కొత్తగా వేసిన వంతెన దాటి, రాజమహేంద్రవరంలో రైలు దిగి, కాళ్లయినా కడుక్కోకుండా తిన్నగా ఆ హైస్కూలుకు వచ్చిపడ్డారు.

ఇంగ్లీషు పంతులు వీరాస్వామి చంకలోని పుస్తకాన్ని ఇంకాస్త అదుముకున్నాడు. కాగితాలు పిల్లలవే గానీ, పరీక్ష మాత్రం ఆయనది. ఆ ఏడాది మెట్రిక్యులేషను పిల్లలకు పాఠం ఒక ఇంగ్లండు మహాకవి విషాద నాటకం. చెప్పుడు మాటలు విని, చేతిరుమాలు చేజారిందని, చేపట్టిన ఇల్లాలినే అనుమానించిన సేనాపతి కథ.

"చివరికి ఆ ఇల్లాలి గతి ఏమైందని కదండీ ప్రశ్న?" ఇన్‌స్పెక్టరు గారు పై కాగితం తీశారు. "'స్పృహ తప్పిన ఆ సాధ్వి లేచి కూర్చుండెను. భర్త క్షమాపణ వేడెను. అదే రుమాలుతో ఆమె అతని కన్నీరు తుడిచెను.' రెండోదీ ఇదే. ఇరవై రెండోదీ ఇదే! ఒక్క అక్షరం తేడా లేదు!"

"పిల్లలు బుద్ధిమంతులండి."

"బుద్ధిమంతులో, మంతనాలాడిన బుద్ధులో నేను తేలుస్తాను. పిలవండి ఒకణ్ణి."

అచ్చిబాబు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ జవాబు నీకెవరు చెప్పారోయ్?"

"పంతులుగారేనండి."

"ఎప్పుడు?"

"పరీక్షకి ముందురోజునండి. తలుపులేసి మరీ చెప్పారండి."

వీరాస్వామి చెయ్యి చంకలోని పుస్తకం మీదికి పోయింది.

"అద్గదీ! కుర్రాళ్లకి నాటకం చెప్పమంటే నాతోనే నాటకమాడతారా? ఇందులో ఏదో కుట్ర ఉంది. ఆ చంకలో దాచిందేంటి? ఇలా తెండి. తేడా కనబడిందా, మీ ఉద్యోగం ఈ పూటతో సరి!"

పుస్తకం చేతులు మారింది. చివరి మూడు ఆకులూ తెల్లదారంతో కలిపి కుట్టేసి ఉన్నాయి. అంచున పసుపు బొట్టు.

"కుట్ర కాదండి, కుట్టండి," అన్నాడు వీరాస్వామి. ఆ కుట్టు ఊడితే తన కొలువూ ఊడుతుందని ఆయనకు తెలుసు. "తప్పంతా నాదేనండి, పిల్లల్నేం అనకండి. ఏ కథ చదివినా శుభం దగ్గరే కదండీ ఆపాలి? చావు దగ్గర పుస్తకం మూసి, పిల్లల్ని పరీక్షకెలా పంపేదండి? అందుకని ఆ ఆకులు కుట్టేసి, నేనే ఓ ముగింపు చెప్పి, కంఠతా పట్టించి, పుస్తకానికి హారతిచ్చి, పటికబెల్లం పంచానండి. గోదావరి గాలికి హారతి ఆరిపోతుందని తలుపులేశానండి. అసలు పుస్తకంలో ఆ సేనాపతి పెళ్లాన్ని చంపేస్తాడండి."

త్రినాథరాజు గారు దారం పుటుక్కున తెంపారు. చదివారు. మళ్లీ చదివారు. తలపాగా తీసి బల్లమీద పెట్టి, కుర్చీలో కూలబడ్డారు.

"చంపేస్తాడా! ఒకళ్లది చూసి ఒకళ్లు రాశారని వచ్చాను గానీ, జవాబు తప్పని నాకేం తెలుసండీ? నర్సాపురంలో మా పంతులుగారు మాకూ పటికబెల్లమే పంచారు!"