రెండు పసుపు మళ్లు

గేటు దగ్గర బులెట్ బండి చప్పుడు వినగానే పూలమళ్ల మధ్య ఉన్న ఓబుళేశు ఉలిక్కిపడి లేచాడు. వచ్చింది భార్య స్వర్ణలతకు స్వయానా అన్న, రాయచోటి పుల్లయ్య. ఆయనకూ ప్లాస్టిక్ పందిరి కింద పూలు పెంచే పాలీహౌస్ ఒకటి ఉంది. అందులో ఏం నాటాలో తేల్చుకోవాలంటే మాత్రం రాజంపేట దాకా వచ్చి ఓబుళేశు పాలీహౌస్ చూసిపోతాడు. ఒకరి చెమట, ఇంకొకరి పంట.

ఎనిమిది రకాల జెర్బెరా పూలు నాటి, ఏది మేలో మూడు నెలలుగా పోల్చి చూస్తున్నాడు ఓబుళేశు. ఎర్రవీ తెల్లవీ సరే, తిప్పలన్నీ రెండు పసుపు రకాలతోనే. నాలుగో నెంబరు కోసిన మూడో రోజుకే మెడ వాల్చేస్తుంది. ఏడో నెంబరు మాత్రం వంటింటి గ్లాసులో పదకొండు రోజులు నిటారుగా నిలబడింది. అలాంటి పువ్వయితే ఈ ఏడాది ముహూర్తాలన్నిటికీ మీ దగ్గరే కొంటామని కడప పెళ్లి డెకరేషన్ వాళ్లు మాట ఇచ్చారు. చిక్కల్లా ఒకటే, బెంగళూరు నర్సరీలో ఏడో నెంబరు మొక్కలు ఆరువేలే ఉన్నాయి. ఒక్క పాలీహౌస్‌కే సరి. ముందు అడిగినవాడిదే రాజ్యం. ఈ రోజు అమావాస్య, రేపు ఆర్డరు చెబుదామని ఆగడమే ఓబుళేశు చేసిన తప్పు.

మొక్క కావాలంటే నర్సరీకి నెంబరు చెప్పాలి. నెంబర్లు మడి మొదట్లో గుచ్చిన లేబుళ్ల మీద ఉన్నాయి. ఓబుళేశు ఇక ఆలోచించలేదు. కళ్లద్దాలు ఇంట్లోనే ఉండిపోయాయి. ఉన్నా చదువుకునే తీరిక లేదు. పక్కపక్కనే ఉన్న రెండు పసుపు మళ్ల లేబుళ్లు పీకి, దీనిది దానికి, దానిది దీనికి గుచ్చేసి, మట్టి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"ఏమప్పా ఓబుళేశూ, పూలు ఎట్లుండాయి?" అంటూ పుల్లయ్య లోపలికొచ్చాడు.

"ఏదో ఉండాయి బావా. అంతంత మాత్రమే."

పుల్లయ్య మళ్లన్నీ తిరిగి, సరిగ్గా మంచి పసుపు మడి దగ్గరే ఆగాడు. ఒక పువ్వు కాడ పట్టుకుని చూశాడు.

"ఇది శానా బాగుండాదే! కాడ చూడు, నా వేలంత లావుండాది."

"యాడ బావా, పురుగు పడతాండాది దానికి."

"ఏదప్పా ఆ పురుగు? నాకు కనపడదే!"

ఇంతలో స్వర్ణలత మజ్జిగ తెచ్చింది. "ఎండనపడి వచ్చినావు, తాగన్నా," అంది. పుల్లయ్య తాగాడు. మీగడ తేలుతున్న మజ్జిగ. గ్లాసు ఖాళీ అయిందో లేదో అడక్కుండానే మళ్లీ నింపింది. పుల్లయ్య గ్లాసులోకి ఒకసారి, చెల్లెలి ముఖంలోకి ఒకసారి చూశాడు.

తరువాత ఫోను తీసి ఆ మడి లేబుల్‌కు ఫొటో తీసుకున్నాడు. పక్క మడి వైపు కూడా ఓ చూపు చూసి, గేటు బయటికి వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడి వచ్చాడు.

"ఆరువేల మొక్కలకు ఆర్డరు పెట్టేసినా."

"ఈ రోజు అమావాస్య గదా బావా!"

"అమావాస్య చంద్రునికప్పా, నాకేమి?" అని నవ్వి, బండెక్కి వెళ్లిపోయాడు.

బండి మలుపు తిరిగేదాకా ఆగి, ఓబుళేశు తొడ చరిచాడు. "ఏమ్మే, మీ అన్నకు మెడ వాల్చేది అంటగట్టినా! ఆయన బండి చప్పుడు వింటానే లేబుళ్లు మార్చేసినా."

స్వర్ణలత ముఖం పాలిపోయింది. "మార్చినావా? అయ్యో, ఆయన వస్తాండాడని ఫోన్ వచ్చినప్పుడే, పొద్దున్నే నేనూ మార్చినా గదయ్యా!"

రెండుసార్లు మారిన లేబుళ్లు చక్కగా ఎవరి మడికి వాళ్లు చేరుకున్నాయి. పుల్లయ్య ఫొటో తీసింది అసలైన ఏడో నెంబరునే. ఓబుళేశు మళ్ల మధ్యలోనే కూలబడ్డాడు.

"నాతో ఒక మాట చెప్పింటే నీ సొమ్మేం పోతాండె?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. మా అన్న ముందర అసలే నానదు. మరి నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

"మీ అన్న మీద చేసే పని నీకెట్ల చెప్పేది?"

ఆ మాటకు స్వర్ణలత కళ్లలో నీళ్లు తిరిగాయి. "తోడబుట్టినోణ్ని మోసం చెయ్యబోతినే, ఊరికే పోతాదా?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఓబుళేశుకు ఆమెను చూస్తే జాలేసింది, మొక్కలు తలుచుకుంటే ఏడుపొచ్చింది. మూడు నెలల చాకిరీ రెండు గ్లాసుల మజ్జిగతో కొట్టుకుపోయింది.

కాసేపటికి ఆమే తేరుకుంది. "అమావాస్య లేదు, గిమావాస్య లేదు. నర్సరీకి ఫోన్ చెయ్యి. వెయ్యి మొక్కలైనా మిగిలింటాయేమో!"

ఓబుళేశు నర్సరీ బసవరాజ్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాడు.

"బసవరాజన్నా, ఏడో నెంబరు ఏమన్నా మిగిలుండాయా?"

"ఆరువేలూ అట్లే ఉన్నాయి సార్. ఎవరూ అడగలేదు."

"అదేంది? మా బావ ఇప్పుడే ఆర్డరు పెట్టినాడు గదా!"

"పుల్లయ్య సారా? ఆయన నాలుగో నెంబరు తీసుకున్నారు. నాకు ఏడో నెంబరు ఫొటో పంపి, 'ఇది గాదు, దీని పక్క మడిలో ఉండే నాలుగో నెంబరు రాసుకో' అన్నారు. ఎందుకు సార్ అంటే, 'ఎప్పుడూ పుల్లటి నీళ్లమజ్జిగ పోసే మా చెల్లెలు ఈ రోజు మీగడ మజ్జిగ రెండు గ్లాసులు పోసింది. లేబుళ్లు కచ్చితంగా మార్చేసింటాది' అన్నారు!"