రక్తంలో ఉన్నది

పేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన వడ్రంగి ఆసుపత్రి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. జన్యువుల కోసం చేసిన రక్తపరీక్ష ఫలితం ఆ రోజే చెబుతామన్నారు.

"కాస్త కూర్చో నాన్నా, కుట్లు లాగుతాయి," అంది కూతురు.

"కూర్చుంటే ఊపిరాడటం లేదే."

చావు భయమనుకుందామె. ధైర్యం చెప్పడానికి మాటలు వెతుక్కునేలోగా డాక్టరమ్మ లోపలికి పిలిచింది.

"మీ జన్యువుల్లో పుట్టుకతోనే ఒక మార్పు ఉంది. జబ్బు దానివల్లే వచ్చింది. కానీ అది ఉన్నవాళ్లే ఈ జబ్బును బాగా తట్టుకుంటున్నారు. ఎక్కువకాలం బతుకుతున్నారు."

కూతురు సంతోషం పట్టలేక తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు.

"అది నాలో ఉండకూడదని పొద్దుట్నుంచీ కనపడని దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టానే! నాలో ఉంటే నీకూ ఇచ్చేసి ఉంటాను కదే తల్లీ!"

ఆ మాట ఆమెకు అప్పటిదాకా తట్టనే లేదు. డాక్టరమ్మ వైపు చూసింది.

"ఆ మార్పు మీకూ వచ్చి ఉండవచ్చు, రాకపోయీ ఉండవచ్చు. ముందే తెలుసుకుంటే ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటూ కాచుకోవచ్చు," అంది ఆవిడ.

కూతురు తండ్రి వైపు తిరిగింది.

"రేపే నా రక్తమూ ఇస్తాను. సూదంటే నాకు హడలని తెలుసుగా? నువ్వు పక్కనుండాలి. రేపొక్కరోజే కాదు నాన్నా, ఏటేటా."