బండి మీది పూజ

డయోనిసస్ ద్రాక్షసారాకు దేవుడు. ఆయన పండగనాడు ఏథెన్స్‌లో బండెక్కి, కనబడ్డవాణ్నల్లా తిట్టడమే పూజ. తిట్లు తిన్నవాడు కోప్పడకూడదు. కావాలంటే అంతకంటే ఘాటుగా తిరిగి తిట్టవచ్చు. ఆ ఏడు మా బండికి ప్రధాన పూజారిని నేనే.

ముఖానికి ద్రాక్షపిప్పి పూసుకుని, వీధి వీధంతా భక్తిశ్రద్ధలతో ఉతికేశాను.

"ఏమమ్మా, నీ చేపలకంటే ముందు నీ మొగుడే కుళ్ళేటట్టున్నాడే!"

"నీ నోటి కంపుకేరా నా చేపలు చచ్చింది!" అంది చేపలావిడ. బండంతా గొల్లుమంది.

వీధి చివర హేగియాస్ తలస్నానం చేసి, తలకు ఆకుల దండ చుట్టుకుని, తన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పోయిన యుద్ధంలో డాలు పారేసి పరుగెత్తుకొచ్చిన మహావీరుడు. అప్పట్నించీ ఊళ్ళో వాణ్ని పలకరించిన పాపాన పోయినవాడు లేడు. ఇవాళ ఒక్క తిట్టు పడితే చాలు, వాడు మళ్ళీ మనుషుల్లో కలిసినట్టే.

"కానివ్వరా," అన్నాడు నవ్వబోతూ. "పిరికివెధవా అను, కుందేలా అను. నీ ఇష్టం."

బండంతా నా నోటికేసి చూసింది.

నేను వినయంగా తల వంచాను. "శుభమండీ, హేగియాస్ గారూ."

వాడి మొహం పాలిపోయింది. బండి కదిలింది.

"అబ్బ, ఏం కొట్టావురా! వాడు తిట్టుకి కూడా పనికిరాడన్నమాట!" అని మావాళ్ళు నా వీపు చరిచి, సారా తిత్తి అందించారు.

గటగటా తాగాను. తిడితే వాడు తిరిగి తిడతాడు కదా. ఆ రోజు యుద్ధంలోంచి వాడికంటే ఇరవై అడుగులు ముందు పరుగెత్తింది నేనే. డాలు మాత్రం వదల్లేదు కాబట్టి ఊరికి తెలియలేదు. వాడికి తెలుసు. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.