మొదటి పేరు

"ఆ మెల్‌బోర్న్ జర్నలా? దాని కాగితాల్లో చేపలూ చిప్సూ పొట్లం కట్టినా ఎవరూ కొనరు," అన్నాడు ప్రొఫెసర్ లాక్లన్ ప్రౌస్, మాంసం కూరి కాల్చిన మీట్ పై అనే రొట్టె మీద టమాటా సాస్ పిండుకుంటూ.

ఎదురుగా కూర్చున్న టీగన్ మరెల్ ఓపిగ్గా నవ్వింది. అడిలైడ్‌లోని ఆ విశ్వవిద్యాలయంలో అందరూ అందరినీ పేరు పెట్టే పిలుచుకుంటారు. ప్రౌస్‌ను మాత్రం ప్రొఫెసర్ అనాలి. లేకపోతే ఆయనకు వినిపించదు.

"విమానాలు బాగుచేసేవాళ్లు చదివేది అదే, ప్రొఫెసర్. వేసవి వస్తే అడవి మంటల మీద నీళ్లు పోసే విమానాలు మళ్లీ లేస్తాయి. వాటి రెక్కల అతుకుల్లో పగుళ్లు మనం అనుకున్నదానికంటే చాలా ముందే వస్తున్నాయి. మా అన్న రోరీ నడిపేది కూడా అలాంటిదే."

"మెకానిక్కులు చదివితే నాకేం ఒరుగుతుంది? లండన్ జర్నల్‌కి పంపు. దాని స్థాయి, ఆ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంకె వింటే మన డీన్‌కి ఆనందంతో నిద్ర పట్టదు."

"అక్కడ నాలాంటి వాళ్ల వ్యాసాలు గుమ్మంలోంచే తిప్పి పంపేస్తారు."

"నీలాంటి వాళ్లవి పంపుతారు. నావి పంపరు. అందుకే మొదటి పేరు నాది పెట్టు."

ఏళ్ల తరబడి షెడ్డులో రెక్కల ముక్కల్ని వంచి, విరిచి, లెక్కలు కట్టింది టీగన్ ఒక్కతే. ప్రౌస్ ఆ షెడ్డుకి వచ్చింది ఒక్కసారి, మంత్రిగారితో ఫొటో దిగడానికి.

"పని మొత్తం నేనే చేశాను కదా, ప్రొఫెసర్."

"చేశావు, కాదన్నానా? చేయించింది ఎవరు మరి?"

"సరే. అయితే ఒక్కసారి చదవండి. కనీసం ముగింపైనా."

"నువ్వు పుట్టకముందు నుంచీ రెక్కల మీద రాస్తున్నానమ్మాయ్. అందులో నాకు తెలియనిదేం ఉంటుంది?"

"మీరు చదివి ఒప్పుకున్నట్టు ఇక్కడ నొక్కాలి."

సాస్ అంటిన వేలితోనే ఆమె లాప్‌టాప్ మీద నొక్కేసి, ప్రౌస్ మిగిలిన మీట్ పై ముక్క నోట్లో వేసుకున్నాడు.

లండన్ వాళ్లు ఆశ్చర్యపోయేంత వేగంగా ఒప్పుకున్నారు. వ్యాసం అచ్చయిన వారానికి ప్రౌస్ స్టాఫ్ రూమ్‌లో కేకు కోసి, సంపాదకుడి మాటలు గొంతు సవరించుకుని చదివాడు: "మీ స్థాయి మనిషిలో ఇంత నిజాయితీ అరుదు."

"చూశారా!" అన్నాడు అందరి వైపూ తిరిగి. అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకోలేక కప్పులతో ముఖం దాచుకున్నారు.

అప్పుడే రోరీ ఫోన్ చేశాడు. "మా విమానాలన్నీ నేల మీదే నిలిపేశార్రా చెల్లీ. అతుకులు మార్చాకే ఎగరాలట. ఎవరో పెద్దాయన రాశాడట కదా?"

"అవును, పెద్దాయనే," అంది టీగన్. ఫోన్ పెట్టేశాక హమ్మయ్య అనుకుంది.

పక్క గదిలో పనిచేసే ఎలెని కేకు ముక్క అందిస్తూ గొంతు తగ్గించి అడిగింది. "అంత కష్టపడి మొదటి పేరు ఆ మనిషికి ఇచ్చేశావే, కడుపు మండదూ?"

"మండింది. కానీ ఆ మాట ఆయన నోట వస్తేనే జనం నమ్ముతారు."

ఆ వ్యాసంలో టీగన్ తప్పని తేల్చింది, రెక్కల ఆయుష్షు లెక్కగట్టడానికి ఒకప్పుడు ప్రౌస్ కనిపెట్టిన సూత్రాన్నే.