ఆరు నెలల బీగం

"సాయంత్రంలోగా ఇల్లు ఖాళీ చెయ్యమ్మా," అన్నాడు ముందరింట్లో ఉండే ఓనరు ఉమాపతి, వెనకింటి గడప బయటే నిలబడి.

ఇంద్రాణి కుట్టుమిషను ఆపింది. "ఈ సాయంత్రానికా? యాలప్పా?"

"రేపు తెల్లారితే ధనిష్ఠ. అయిదు దినాలు మంచివి కావంట. ఆ మధ్యలో ప్రాణం పోతే, పోయిన ఇంటికి ఆరు నెల్లు బీగమెయ్యాలని అయ్యోరు సెప్పినాడు."

ఇంద్రాణి చూపు లోపలి మంచం మీదికి పోయింది. అత్త రెడ్డెమ్మ పదిరోజులుగా జ్వరంతో పడి ఉంది. బాడుగింట్లో చావు జరగనిచ్చే ఓనరు మదనపల్లె మొత్తం వెతికినా దొరకడు. అందులోనూ ఉమాపతిది టమోటా మండీ. మచ్చపడిన కాయను మంచి పెట్టెలో గంటసేపు కూడా ఉంచడు.

"పద్దెనిమిదేండ్లుగా ఉండాము. మీకు ఇష్టమున్నన్నాళ్ళు ఇది మీ ఇల్లే అంటివి కదా!"

"అంటి. ఇప్పుడు కాదన్నానా?"

"మరి ఒక్క పూటలో మేం యాడికి పోతాం?"

"పుంగనూర్లో మీయన్న ఉండాడు కదా. ఆటో మాట్లాడేసినా. బాడుగ నేనే ఇస్తా." సరుకు దిగకముందే లారీ మాట్లాడి పెట్టుకోవడం ఆయనకు అలవాటు.

ఇంద్రాణి లోపలికి పరుగెత్తింది. "అత్తా, లెయ్. నువ్వు బాగుండావని ఆయప్పకు సూపించాల."

రెడ్డెమ్మ కోడలి ముఖం చూసింది. ఇంకేమీ అడగలేదు. గోడ పట్టుకుని లేచి, కొంగు సర్దుకుని, గడపదాకా నడిచొచ్చి కూర్చుంది. రాగిసంగటి తెప్పించుకుంది. ఉమాపతి కళ్ళముందే ముద్ద మీద ముద్ద మింగింది. నుదుట చెమట కారుతోంది.

"ఏమప్పా, నన్నప్పుడే సాగనంపాలనుకుంటివా? ఇంకో ముద్ద తినమన్నా తింటా. ఊరికే సూస్తావేంది, నువ్వూ రా!" నవ్వబోతే దగ్గు వచ్చింది. దాన్ని కొంగులో దాచుకుంది. "మీయమ్మ యాడ? వక్కాకు తీసుకుని రమ్మను. ఇద్దరం నముల్తాం."

ఉమాపతి తల దించుకున్నాడు.

ఇంద్రాణికి ఊపిరి ఆడింది. "సూసినావు కదప్పా, ఎంత గట్టిగా ఉండాదో! ఇంక మమ్మల్ని పొమ్మనే పనేముండాది?"

"మీ అత్త మాట నేనెత్తనే లేదు కదమ్మా." ఉమాపతి ముందరింటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "రాత్రి పడిపోయిన మా అమ్మ రెండు దినాలు గూడా ఉండదని డాక్టరు సెప్పేసినాడు. పొద్దుగూకేలోగా ఆమెను ఈ ఇంట్లోకి మార్చాల. మా ఇంటికి ఆరు నెల్లు బీగం పడితే మేం యాడికి పోతాం, నువ్వే సెప్పు?"