ఆఖరి గుర్రం

"అమ్మాయీ, నీకు పుణ్యముంటుంది. కాస్త నా పక్కనే ఈదుతావా?"

ఎవరో మోచెయ్యి పట్టుకునేసరికి నోమిన్ ఉలిక్కిపడింది.

డెబ్భై దాటిన మనిషి. ఒంటిమీద ఈత లాగు తప్ప మరేమీ లేదు. గడ్డం వణుకుతోంది.

"నాకా అలల్ని చూస్తే దడ. తోడుంటే ధైర్యం" అన్నాడు.

నోమిన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తనే ఇంకా కొలను మెట్ల పక్క గొలుసు వదల్లేదు.

సముద్రమే లేని మంగోలియా నుంచి న్యూకాసిల్‌లో రేవులు కట్టే ఆఫీసుకి ఇంటర్న్‌గా వచ్చిందామె. ఈత నేర్చుకున్నది నాలుగు గోడల మధ్య, గోరువెచ్చని నీళ్లలో. ఇక్కడేమో రాళ్లు తొలిచి కట్టిన కొలను. గోడ దూకి సముద్రమే లోపలికి వస్తోంది.

నిజానికి ఆమె వచ్చింది ఈత కోసం కాదు. సోమవారం కోసం.

ఆఫీసులో సోమవారం పొద్దున టీ దగ్గర అందరూ అందరినీ అడిగేది ఒక్కటే. శనాదివారాలు ఏం చేశావని.

"డ్రాయింగులు పూర్తి చేశాను" అని మొదటి సోమవారం గర్వంగా చెప్పింది నోమిన్.

ఎవరో పోయినట్టు అందరి మొహాలూ వాడిపోయాయి.

"పని శుక్రవారంతో సరి. సోమవారం నాకు కథ కావాలి" అంది ఆమె పై అధికారి బ్రాన్‌విన్. "ఆదివారం కొలను దగ్గరికెళ్లు. పందెం ఉంటుంది."

అలా వచ్చింది.

"ముందు నత్తలు!" అని అరిచింది ఈల పట్టుకున్న షర్ల్.

ఆ క్లబ్బులో నిదానంగా ఈదేవాళ్లు ముందు దూకాలి. చురుకైనవాళ్లు ఆగి, వెనకనుంచి తరిమి పట్టుకోవాలి.

"ఏయ్ మెర్వ్! ఇవాళైనా తేలతావా, తాడు విసరమంటావా?"

"ఆ తాడేదో నీ నోటికి కట్టుకో షర్ల్!" అన్నాడు ముసలాయన.

దూకారు. నోమిన్‌కి భయపడే తీరికే దొరకలేదు. పక్కన బుడుంగుమంటున్న మనిషిని చూసుకోవడంతోనే సరిపోయింది.

"కాళ్లాడించండి! నేనున్నాగా! అదిగో గోడ, వచ్చేసింది!"

అందరూ గట్టెక్కాక నోమిన్ గోడ తాకింది. ఆమె వెనకాల, అందరికంటే ఆఖరున, మెర్వ్.

ఆయన మొహం చూసి ఆమెకు జాలేసింది.

"మా దేశంలో గుర్రప్పందెంలో ఆఖరున వచ్చిన పిల్లగుర్రానికి పాట పాడతారు. తప్పు నీది కాదు, రౌతుది, వచ్చే ఏడు నువ్వే ముందుంటావు అని."

"అయితే పాడు మరి!"

గొంతెత్తి పాడింది. మెర్వ్ తల వంచి విని, గుర్రంలా సకిలించాడు. నీళ్లోడుతూ, గట్టున కాల్చిన వేడి మాంసం సాసేజీలు చేతిలో పట్టుకుని, అంతా ఈలలు వేశారు.

సోమవారం ఈ కథ విన్న బ్రాన్‌విన్ టీ ఒలకబోసుకుంది.

"మెర్వ్‌కి... నువ్వు... తోడా?"

"పాపం, ఆయనకి నీళ్లంటే భయమండీ."

"అవునవును, పాపం!" అంటూ కళ్లు తుడుచుకుంది బ్రాన్‌విన్.

చలికాలమంతా అదే వరస. వారమంతా రేవు డ్రాయింగులు, ఆదివారం మెర్వ్. అలలంటే బెరుకు ఎప్పుడు పోయిందో నోమిన్‌కే తెలియదు. గట్టిగా ఈదితే ఇద్దరు ముగ్గుర్ని దాటగలననీ తెలుసు. కానీ ఆయన్ని వదిలి ఎలా పోతుంది?

ఇంటర్న్‌షిప్ ముగిసింది. ఆఖరి ఆదివారం నోమిన్ మునగకుండా నడుముకి కట్టుకునే పసుపుపచ్చ గాలిబుర్ర ఒకటి తెచ్చింది.

"నేను పోతే మీకెవరు తోడు? ఇది కట్టుకోకుండా నీళ్లలో దిగనని ఒట్టెయ్యండి."

మెర్వ్ ఆ బుర్రని తిప్పి తిప్పి చూశాడు. నడుముకి ఆనించి చూసుకున్నాడు.

"ఒట్టు తల్లీ" అన్నాడు.

షర్ల్ ఎందుకో అటు తిరిగి నిలబడింది.

ఆ వచ్చే శనివారమే విమానం. బ్రాన్‌విన్ కారులో తీసుకెళ్తోంది.

"ఒక్క నిమిషం కారాపుతారా? బుర్ర కట్టుకున్నాడో లేదో చూడాలి."

కొండకొమ్మున కారాగింది. కింద కొలను గోడ మీద మెర్వ్ ఒక్కడే ఉన్నాడు. బుర్ర పక్కన పడి ఉంది.

"చూశారా! ఒట్టు తీసి గట్టున పెట్టాడు!"

అంతలో ఓ పెద్ద అల లేచింది. గోడ మీది బుర్రని ఊడ్చుకుని సముద్రంలోకి లాక్కుపోయింది.

మెర్వ్ దాని వెనకే దూకాడు.

"అయ్యో, మునిగిపోతాడు!" నోమిన్ తలుపు తీసింది. బ్రాన్‌విన్ చెయ్యి పట్టి ఆపింది.

"చూడు."

ముసలాయన మొదటి అల కిందుగా దూరాడు. రెండోదాన్ని చీల్చాడు. అంత దూరంలో బుర్ర అందుకుని, పళ్లతో పట్టుకుని, తిరుగు అల మీదెక్కి గోడ మీదికొచ్చి వాలాడు. ఆయాసం కూడా లేదు.

అప్పుడే కొలను మెట్ల మీద ఎవరో కొత్తావిడ. గొలుసు పట్టుకుని గజగజలాడుతోంది.

మెర్వ్ నడుం వంగిపోయింది. గడ్డం వణికింది. వెళ్లి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆయన ఏమన్నాడో పైకి వినపడలేదు. వినక్కర్లేదు కూడా. ఆవిడ వణుకు మాని, ఏదో మందలిస్తూ, పసుపుపచ్చ బుర్రని ఆయన నడుముకి బిగించి కట్టింది.

నోమిన్ నోరు తెరిచింది. తర్వాత పగలబడి నవ్వింది. కిందికి పరుగెత్తాలని ఉంది. వేళ మించిపోతోంది.

కొండకొమ్మున నిలబడి గొంతెత్తి పాడింది. ఈసారి ఆఖరి గుర్రం పాట కాదు, మొదటి గుర్రం పాట.

కింద మెర్వ్ తలెత్తి సకిలించాడు.

"ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు నేనూ ఓ చలికాలమంతా తోడున్నాను," అంది బ్రాన్‌విన్ కారు కదిలిస్తూ, "ఈ తీరానికంతటికీ ఈత నేర్పిన ఆ మనిషికి."