తెర వెనక తెర

"ఎవరికి చెప్పుకుంటున్నావే?" అంటూ అతను జుట్టు పట్టి లాగాడు. ఆమె తల వంటగది తలుపుకు ఠపీమని కొట్టుకుంది. చేతిలోని ఫోన్ జారి గచ్చు మీద పడింది.

"ఎవరికీ కాదండీ. వాన వస్తుందేమోనని చూస్తున్నా. పైన బట్టలు ఆరేశాను."

"వాన కోసం చూసేవాళ్లు అలా తలుపు చాటున నక్కి చూస్తారా?"

భార్యను వదలకుండానే వంగి ఫోన్ తీశాడు. తెర మీద నిజంగానే మబ్బులు. కింద 'సాయంత్రం చిరుజల్లులు' అని ఉంది. చెంప మీద కొట్టబోయి, చెయ్యి దించి వీపు మీద కొట్టాడు. లెక్క తెలిసిన చెయ్యి అది. మొహం మీద పడ్డ దెబ్బకు పక్కింటివాళ్ల దగ్గర జవాబు చెప్పుకోవాలి, వీపు మీద పడ్డది ఇంట్లోనే చెల్లిపోతుంది. ఈ బేరంలో అతనికి ఇంతవరకూ నష్టమన్నది లేదు.

ఫోన్ విసిరేయబోతూ ఆగాడు. బొటనవేలు తగిలి మబ్బులు ఒక్క పిసరు ఎడమకు జరిగి, మళ్లీ వెనక్కి వచ్చి కుదురుకున్నాయి. ఇంకొకరైతే అది గమనించరు. అతను బతికేదే దాని మీద. మొబైల్ యాప్‌లలో ఒక తెర పోయి ఇంకో తెర వచ్చేటప్పుడు మధ్యలో ఉండే కదలికలు తయారు చేయడం అతని ఉద్యోగం. ఏది జారాలి, ఏది కరిగిపోవాలి, ఏది ఎంత మెత్తగా ఆగాలి అని పొద్దస్తమానం చూసే కళ్లు అవి. తెర పక్కకు జరిగిందంటే ఆ పక్కన ఇంకొకటి కాచుకుని ఉందన్నమాటే.

"దీని వెనక ఏదో ఉంది. తియ్."

"ఏం లేదండీ, ఒట్టు."

మోకాలితో డొక్కలో పొడిచాడు. ఆమె ముడుచుకుపోయి మళ్లీ అదే ఒట్టు పెట్టింది. అప్పుడు ఆమె వేళ్లు తీసుకెళ్లి తలుపు సందులో పెట్టి, తలుపు మూయడం మొదలుపెట్టాడు.

"రెండు వేళ్లతో లాగండి! రెండు వేళ్లతో!" అని అరిచింది.

లాగాడు. మబ్బులు పక్కకు తప్పుకున్నాయి. నల్లటి తెర వచ్చింది. మధ్యలో ఎర్రటి వలయం మెల్లమెల్లగా నిండుతోంది. పైన 'మీ వాళ్లకు కబురు వెళుతోంది' అని ఉంది. దాని కింద 'వదిన' అని, అట్టడుగున 'క్యాన్సిల్' అని ఉన్నాయి.

"వదినంటే ఎవరే? మా అక్కేనా? నా మీద నా తోడబుట్టినదానికే చాడీలా?"

పిడికిలి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, ఆ వలయం వంక చూసి, పకపకా నవ్వాడు.

"ఓసి పిచ్చి మొహమా! ఇది నేను చేసిందే! ఎవరో రెండు తెరలు పంపి మధ్యలో కదలిక పెట్టమన్నారు. దేనికో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. నా సరుకు నాకే అమ్ముతావటే?"

ఆమె అతని కాళ్లు చుట్టేసింది. "ఏమండీ, క్యాన్సిల్ మాత్రం నొక్కకండి. మీకు దణ్ణం పెడతా. కొట్టండి, చంపండి, అది మాత్రం నొక్కకండి!"

"ఆగు, తొందరెందుకు? నిండనీ. ఆఖర్లో నొక్కితేనే దాని అందం. మా ఆఫీసులో చప్పట్లు కొట్టారు తెలుసా?"

ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాడు. ఆమె లాక్కోబోతే పక్కటెముకల మీద తన్నాడు. వలయం పూర్తయ్యేలోగా క్యాన్సిల్ నొక్కాడు. ఎరుపు బూడిద రంగుకు తిరిగి, చుక్కంత అయి, ఆరిపోయింది. మళ్లీ మబ్బులు వచ్చాయి.

"చూశావా, ఎంత మెత్తగా మూసుకుందో! అదీ పనితనమంటే."

కబురు పోలేదు కనుక ఇక తొందర లేదు. కిటికీలు మూశాడు. టీవీ సౌండు పెంచాడు. తీరిగ్గా బెల్టు విప్పాడు. ఆమె గోడ వారకు పాకి, తలకు చేతులు అడ్డం పెట్టుకుంది.

"ఇది మా అక్క పేరుకి." బెల్టు ముంజేతి మీద పడింది. "ఇది అబద్ధానికి." భుజం చిట్లింది. "ఇది వానకి." ఈసారి కొస పెదవిని చీల్చింది. లెక్క తెలిసిన చెయ్యి మొదటిసారి గురి తప్పింది. అది చూసి అతనికి ఇంకా కోపం వచ్చింది. కొడుతూనే ఉన్నాడు. టీవీలో ఎవరో పాడుతూనే ఉన్నారు.

దబదబమని తలుపు బాదారు. మరుక్షణం గడియ విరిగింది. ముందు అక్క, ఆమె వెనక ఇద్దరు పోలీసులు లోపలికొచ్చారు. అక్క ఆ బెల్టు లాక్కుని, దాంతోనే తమ్ముడి మొహం మీద సాచి కొట్టింది.

"ఒరేయ్, నువ్వు మనిషివేనట్రా!"

పోలీసాయన అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ముక్కులోంచి రక్తం కారుతున్నా అతనికి అంతకంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"నీకెవరు చెప్పారక్కా? కబురు పోలేదే! నా చేత్తో నేనే క్యాన్సిల్ చేశాను! అది నేను చేసిన తెర, నాకు తెలీదా?"

ఆమె వదిన భుజం పట్టుకుని లేచి నిలబడింది. చీలిన పెదవిని కొంగుతో అదుముకుని, అతనికి మామూలుగా జవాబు చెప్పినట్టే మెల్లగా చెప్పింది.

"ఊరుకుని ఉంటే ఆ వలయం నిండి, దానంతటది మూసుకుపోయేదండీ. అందులో కబురు పంపే బటన్ ఆ క్యాన్సిల్ ఒక్కటే."